అవ్వ గొంతు ఎవరి బీరువాలో ఉంది?

1994లో, కార్తీకం వెళ్లేటప్పుడు, ఒక పరిశోధక విద్యార్థి మా ఇంటికి వచ్చినాడు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల కరిసల్ నేలలో తెలుగు మాట్లాడే ఊళ్లు తిరుగుతూ మా ఊరికీ వచ్చినాడు. మూడు దినాలు ఉన్నాడు. తిన్నె మీద టేపు రికార్డరు పెట్టుకొని అవ్వ చేత పాడించినాడు. నలుగు పాటలు, పత్తి తీసేటప్పటి పాటలు, జోలలు. మడకలో ఏ భాగాన్ని ఏమంటారు, ఎద్దును ఎట్లా అదిలిస్తారు, అత్త కొడుకును ఏమని పిలుస్తారు అని అడిగి అన్నీ రాసుకున్నాడు. పదకొండు క్యాసెట్లు నిండినాయి. పోయేటప్పుడు "కాపీలు తీసి పంపిస్తాను అవ్వా" అని చెప్పి పోయినాడు.

అవ్వ ఎదురుచూసింది. పోస్టు మనిషి వీధిలోకి వస్తే "ఆ బిడ్డ టేపు పంపించినాడా?" అని అడిగేది. 2001లో అవ్వ పోయింది. టేపు రాలేదు.

పోయినేడు మా పినతండ్రి కొడుకు ఆ సిద్ధాంత గ్రంథాన్ని నెట్‌లో చూసినాడు. శోధ్‌గంగలో ఉంది. అందరం కూర్చుని చదివినాము. మా ఊరి పేరు ఉంది. చివరి అనుబంధంలో నాలుగు పాటలు, అరవై చిల్లర మాటలు ఉన్నాయి. అవ్వ పేరు లేదు. "ఒక వృద్ధురాలు, వయస్సు 76" అని ఉంది. పదకొండు క్యాసెట్ల గొంతు నాలుగు పేజీలైంది.

ఎట్లాగో అడ్రసు పట్టి ఆయనకు రాసినాము. మర్యాదగా జవాబిచ్చినాడు. డిగ్రీ వచ్చినాక వేరే ఉద్యోగంలోకి వెళ్లిపోయినాడట. క్యాసెట్లు డిపార్టుమెంటులో అప్పజెప్పినాడట. డిపార్టుమెంటు కట్టడం మారింది, గైడు రిటైరైనాడు, అట్టపెట్టెలు ఎక్కడికి పోయినాయో చెప్పేవాళ్లు లేరు. ఆయన మీద మాకు కోపం లేదు. ఆయన మా పాటలు ఎత్తుకపోలేదు. వాటిని భద్రంగా పెట్టే చోటు ఆయనకు ఎవరూ చూపలేదు. పెట్టమని అడిగినవాళ్లూ లేరు. అడగనివాళ్లలో మేమూ ఉన్నాము.

అందుకే ఈ మాట రాస్తున్నాము. మా వంటి ఇళ్ల నుంచి పాట గానీ మాట గానీ కాగితం గానీ తీసుకుపోయే పరిశోధన ఏదైనా సరే, పుస్తకం ఒక్కటి వేసి ఊరుకుంటే చాలదు. తీసుకున్న అసలు సరుకును కూడా అందరికీ తెలిసిన ఒక భాండాగారంలో, ఇచ్చినవాళ్లు ఒప్పుకున్న షరతులతో, దాచి తెరిచి ఉంచాలి. అట్లా చేస్తానంటేనే తిన్నె మీద చాప వేయాలి.

ఇది మా ఒక్క ఇంటి కథ అనుకోవద్దు. 2014లో కరెంట్ బయాలజీ అనే విజ్ఞాన పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. మొక్కల మీద, జంతువుల మీద వచ్చిన 516 వ్యాసాలు తీసుకొని, వాటిని రాసినవాళ్లను "మీ అసలు డేటా ఇస్తారా?" అని అడిగినారు. ఆ వ్యాసాలు రెండేళ్ల నుంచి ఇరవై రెండేళ్ల కిందటివి. తేలిందేమంటే, వ్యాసం వయసు ఒక్కొక్క ఏడు పెరిగేకొద్దీ డేటా మిగిలి ఉండే అవకాశం సుమారు 17 శాతం చొప్పున పడిపోతూ వచ్చింది. రాసినవాళ్ల ఈమెయిళ్లు పనిచేయడం లేదు. డేటా పోయింది, లేదా ఇప్పుడు ఏ యంత్రమూ చదవలేని పాత డిస్కుల్లో ఇరుక్కుంది. ల్యాబులు, జీతాలు, కంప్యూటర్లు ఉన్న శాస్త్రవేత్తల గతే ఇది. ఒక స్కాలరు చేతిసంచిలో పోయిన పదకొండు క్యాసెట్లు నిలిచి ఉంటాయని మేము ఎట్లా అనుకున్నామో!

ఒక సంగతి గమనించండి. ఆ సిద్ధాంత గ్రంథం మాకు దొరికింది. ఎందుకు దొరికింది? గ్రంథాలను ఒకచోట పెట్టే ఏర్పాటు ఉంది కాబట్టి. 2009లో యూజీసీ నియమం పెట్టింది, పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలని. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ శోధ్‌గంగను నడుపుతున్నది. పాత గ్రంథాలూ కొన్ని స్కానై అందులోకి ఎక్కినాయి. గ్రంథానికి ఇల్లు కట్టినారు. గ్రంథం వెనకాల ఉన్న టేపులకు, నోటు పుస్తకాలకు, ఫొటోలకు ఇంకా ఇల్లు కట్టలేదు. వంట వడ్డించి వంటసరుకును వీధిలో పారబోసినట్టుంది.

సరిగ్గా దాచితే ఏమవుతుందో చెప్పడానికి మన దగ్గరే ఉదాహరణలున్నాయి. కాలిన్ మెకెంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు, ఇంకా ఎందరో తెలుగువాళ్లు, ఊరూరా కైఫియతులు, శాసనాల నకళ్లు పోగుచేసినారు. మెకెంజీ 1821లో పోయినాడు. ఆ కాగితాల్లో చాలా భాగం చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో నిలిచింది కాబట్టి ఇవ్వాళ కూడా తన ఊరి చరిత్ర రాసుకునేవాడు కైఫియతు వెతుకుతున్నాడు. తంజావూరు సరస్వతీ మహల్‌లో నాయక రాజుల నాటి తెలుగు యక్షగానాల తాళపత్రాలు మిగిలినాయంటే, రాజుల ఇంటి పుస్తకాలను 1918లో ప్రజల గ్రంథాలయంగా మార్చినందువల్ల కూడా. రాజుగారి బీరువాలోనే ఉండిపోయి ఉంటే ఏమయ్యేవో!

గొంతులకూ అట్లాంటి కథ ఉంది. గ్రియర్సన్ భాషల సర్వే కాలంలో గ్రామఫోను ప్లేట్ల మీద పట్టిన మన దేశపు గొంతులు, వాటిలో తెలుగూ ఉంది, ఇవ్వాళ చికాగో విశ్వవిద్యాలయం నడిపే డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో ఎవరైనా వినవచ్చు. వందేళ్ల కిందటి మనిషి మాట్లాడుతుంటే వింటున్నాము. మా అవ్వ మాట్లాడి ముప్పై ఏళ్లే, అది మాత్రం వినలేకపోతున్నాము.

ఇంకొకటి చెప్పాలి. ఆర్నాల్డ్ బాకే అనే డచ్ పండితుడు 1938 ప్రాంతంలో తమిళనాడు, కేరళ, కర్ణాటకల్లో తిరిగి పాటలు, ఆటలు రికార్డు చేసినాడు. 1984లో నజీర్ జైరజ్‌భాయ్, ఏమీ కాట్లిన్ అనే ఇద్దరు ఆ రికార్డులు వెంటబెట్టుకొని మళ్లీ ఆ ఊళ్లకే వచ్చినారు. అప్పటి కళాకారుల వారసుల దగ్గర వాటిని వినిపించినారు, ఏమి నిలిచింది, ఏమి మారింది అని చూసినారు. 1982లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ కింద ఎథ్నోమ్యూజికాలజీ ఆర్కైవు ఒకటి మన దేశంలో మొదలైంది. విదేశీ పండితులు ఇక్కడ రికార్డు చేసి పట్టుకుపోయిన సంగీతం కాపీలను తిరిగి ఈ దేశానికి తేవడం దాని ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి. ఇచ్చిన చోటికి తిరిగి రావడమంటే ఇదీ. నలభై, యాభై ఏళ్ల తరువాతైనా వచ్చింది, ఎందుకంటే ఒకచోట భద్రంగా ఉంది.

ఇప్పుడు ఆ పనికి కట్టడమే అక్కరలేదు. రిపాజిటరీ అంటే డేటాను దాచి, దానికి ఒక నంబరు ఇచ్చి, అడిగినవాళ్లకు చూపే గిడ్డంగి. సెర్న్ వాళ్లు 2013 నుంచి నడిపే జెనోడో ఉంది. రూపాయి ఖర్చు లేదు, ఒక్కో రికార్డులో 50 జీబీ వరకు పెట్టుకోవచ్చు. ప్రతి రికార్డుకూ డీఓఐ అని ఒక నంబరు వస్తుంది. ఇల్లు మారినా మారని ఆధార్ నంబరు వంటిది అది. ఫైలు ఉన్న వెబ్ అడ్రసు రేపు మారినా నంబరు పట్టుకొని పోతే సరుకు దొరుకుతుంది. డ్రైవ్ లింకు అట్లా కాదు, పెట్టిన మనిషి అకౌంటు మూసేస్తే అంతే. భాషల కోసమే ప్రత్యేకంగా ఉన్నవీ కొన్ని ఉన్నాయి. ఈలార్ అనే ప్రమాదంలో ఉన్న భాషల ఆర్కైవు లండన్‌లో మొదలై ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. మన దేశంలో సిక్కిం విశ్వవిద్యాలయం వాళ్లు తమ ప్రాంతపు చిన్న భాషల కోసం ఒకటి నడుపుతున్నారు. తమిళనాట తెలుగు, కర్ణాటక తెలుగు, ఒడిశా తెలుగు అని మన చెదురుమదురు గొంతులకు అట్లాంటిది ఒకటి ఎందుకు ఉండకూడదు?

ఈ సంగతి ఇంట్లో ఎత్తితే మా చిన్నాయన అడ్డం తిరిగినాడు. ఆ స్కాలరుకు అప్పట్లో అన్నం పెట్టిన మనిషి ఆయనే. "మన ఇంటి సంగతి లోకానికంతా ఎందుకురా? అప్పుడొకడు పట్టుకపోయినాడు, ఇప్పుడు మీరే మోసుకపోయి ఇస్తామంటారా?" అన్నాడు. అత్త ఏమీ అనలేదు. తరువాత మెల్లగా చెప్పింది. మూడో దినం సాయంత్రం, పోయిన తన బిడ్డను తలుచుకొని అవ్వ ఏడుస్తూ పాడిందట. మిషను తిరుగుతూ ఉన్న సంగతి అవ్వకు తెలియదు. అత్త పక్కనే కూర్చోనుంది. "ఆ పాట ఎవురూ వినకూడదు" అన్నది.

మేము చాలాసేపు మాట్లాడలేదు. తెరిచి ఉంచాలి, తెరిచి ఉంచాలి అని అంతవరకు గట్టిగా అంటున్నవాళ్లం మేమే.

కానీ ఆలోచిస్తే అత్త మాట మా వాదాన్ని బలపరిచింది. ఆ ఏడుపు పాట ఇప్పుడు ఎక్కడ ఉంది? ఏ అట్టపెట్టెలోనో ఉంది, లేదా చెత్తలో పోయింది, లేదా ఎవరి చేతిలోనో ఉంది. దానికి తాళం లేదు. తాళం వేయించడానికి ఎవరిని అడగాలో కూడా అత్తకు తెలియదు. పోయిన వస్తువును రహస్యంగా ఉన్న వస్తువు అనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. అదే రిపాజిటరీలో ఉంటే పేరుండేది, నంబరుండేది, "ఇది కుటుంబం అనుమతి లేనిదే వినకూడదు" అని ఒక గడి ఉండేది. జెనోడోలో వివరం మాత్రం అందరికీ కనబడేట్టు పెట్టి ఫైలుకు తాళం వేయవచ్చు. ఫలానా తేదీ దాకా తెరవొద్దు అని పెట్టవచ్చు. ఈలార్‌లోనూ ఎవరు ఎంతవరకు వినవచ్చో మెట్లు మెట్లుగా పెట్టుకోవచ్చు.

2016లో పండితులు డేటాకు నాలుగు గుణాలు చెప్పినారు. వెతికితే దొరకాలి, దొరికితే అందాలి, వేరే డేటాతో కలవాలి, మళ్లీ వాడుకోవడానికి పనికిరావాలి. దానికి ఫెయిర్ అని పేరు. 2019లో ఆదివాసీ సమాజాల వాళ్లు ఇంకొక నాలుగు మాటలు ముందుకు తెచ్చినారు. డేటా వల్ల ఆ సమాజానికి మేలు కలగాలి, దాని మీద అధికారం వాళ్లకుండాలి, వాడుకునేవాళ్లకు బాధ్యత ఉండాలి, నీతి ఉండాలి. దాన్ని కేర్ అంటారు. మేము ఆదివాసులం కాము, వాళ్ల కష్టం మా కష్టం ఒకటి కాదు. అయినా అత్త అడిగింది ఆ నాలుగు మాటల్లో రెండోది.

స్కాలర్ల భయమూ మాకు తెలుసు. "మూడేళ్లు ఎండలో తిరిగి తెచ్చుకున్నది పెట్టేస్తే వేరేవాడు ముందే వ్యాసం రాసేస్తాడు" అంటారు. న్యాయమే. దానికే గడువు ఉంది. గ్రంథం అయ్యేవరకు, ఇంకా రెండేళ్లు కావాలంటే రెండేళ్లు తాళం వేసుకోండి. తరువాత తెరవండి. డేటాకు నంబరు ఉంటుంది కాబట్టి, వాడుకున్నవాళ్లు మీ పేరు చెప్పడానికి వీలుంటుంది. "ఎవరైనా వ్యాపారానికి వాడుకుంటే?" అని అడిగేవాళ్లకు, పేరు చెప్పి వాడుకోవాలి, వ్యాపారానికి వాడకూడదు అనే లైసెన్సూ ఉంది. కాగితం మీది షరతు దొంగను ఆపదు, నిజమే. కానీ షరతే లేనిచోట అడిగే హక్కు కూడా ఉండదు.

మిగతావాళ్ల కన్నా మనకు ఇది ఎక్కువ అవసరం అని ఎందుకంటున్నామంటే, మన మాట ఎవరి లెక్కలోకీ సరిగా రాలేదు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 5.87 శాతం. అది సంఖ్య. మాట ఎట్లా ఉందో ఆ సంఖ్యలో లేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో తెచ్చినారు. చేనేతది 1971లో వచ్చింది. గొప్ప పని. కానీ అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల కోసం చేసిన పని, మా మడకమాటలు అందులోకి వచ్చే దారి లేదు. ఇటువైపు మా నేలవాడే, ఇంట్లో తెలుగు మాట్లాడే కి. రాజనారాయణన్ కరిసల్ సీమ మాటలకు నిఘంటువు కూర్చినాడు. అది తమిళ మాటలకు. రెండు మంచి పుస్తకాల నడుమ సందులో మా తెలుగు పడిపోయింది.

ఇప్పుడు ఫోనుకు మాట చెబితే రాసిపెట్టే కాలం. మా ఇంట్లో పెద్దవాళ్లు తెలుగులో చెబితే ఫోను వేరే ఏదో రాస్తుంది. దానికి నేర్పిన గొంతుల్లో మా గొంతు లేదు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. తమిళ అక్షరాల్లో తెలుగు మెసేజీ పెడతారు. రేపు వాళ్లకు మిగిలేది చదివేది కాదు, వినేది. వినేదాన్ని మనం అట్టపెట్టెల్లో పోగొట్టుకుంటున్నాము.

స్కాలర్లను అంటున్నాము, మేము మాత్రం ఏమి చేసినాము? మా ట్రంకుపెట్టెలో 1988 పెళ్లి క్యాసెట్లు రెండు, తాత చిట్టా పుస్తకాలు మూడు, తమిళ అక్షరాల్లో రాసిన తెలుగు ఉత్తరాలు ఒక కట్ట ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా ఎవరికీ చూపలేదు. ఎవరైనా అడిగితే "చూద్దాం" అన్నాము. మా బీరువా కూడా ఆ డిపార్టుమెంటు బీరువా వంటిదే.

అందుకని ఈ వేసవిలో కూర్చున్నాము. క్యాసెట్లను నాణ్యత తగ్గకుండా వేవ్ ఫైళ్లుగా ఎక్కించినాము. వాట్సాప్‌లో పంపుకుంటే నాణ్యత తగ్గిపోవచ్చు, అది దాచుకునే పద్ధతి కాదు. ఒక్కొక్క ఫైలుకు ఎవరు పాడినారు, ఎవరు అడిగినారు, ఏ ఊరు, ఏ ఏడు, ఏ సందర్భం అని తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో రాసినాము. ఈ వివరం లేకపోతే ఫైలు ఉన్నా దొరకదు. పాడినవాళ్ల పేర్లు, వాళ్ల పిల్లలను అడిగి, పెట్టినాము. ఒప్పుకోని ఒక ఇంటివాళ్ల పాట తీసేసినాము. చిట్టాలో అప్పుల పేజీలకు తాళం వేసినాము. ఆ అప్పులు చేసిన ఇళ్లు ఇంకా మా వీధిలోనే ఉన్నాయి. పంటల లెక్క, కూలి లెక్క, పత్తి ధర పేజీలు తెరిచినాము. భాగపంపకం కాగితం అసలు పెట్టలేదు. చిన్నాయన ఒక్కొక్క పేజీ చూసి "ఇది పెట్టు, ఇది వద్దు" అని చెప్పినాడు. ఆయనకు కావలసిందీ అదే, ఎవరైనా అడగడం.

ఇకమీద మీ తిన్నె మీదికి ఎవరైనా రికార్డరు పట్టుకొని వస్తే, కాఫీ ఇవ్వండి, కూర్చోబెట్టండి, ఈ ఐదు మాటలు అడగండి. ఇది ఏ రిపాజిటరీలో పెడతారు? ఎప్పటికి పెడతారు? మా పేరు ఉండాలా వద్దా అని మమ్మల్ని అడుగుతారా? ఏది అందరికీ, ఏది తాళం కింద అని చెప్పే హక్కు మాకుందా, రేపు మనసు మారితే ఎవరికి చెప్పాలి? మా కాపీ మాకు ఎప్పుడు వస్తుంది? జవాబులు కాగితం మీద రాయించుకోండి. నిజమైన స్కాలరుకు కోపం రాదు. వస్తే కాఫీతో సరిపెట్టండి.

యూనివర్సిటీల వాళ్లకు ఒకే మాట. గ్రంథం తీసుకునేటప్పుడు డేటా నంబరు కూడా అడగండి. గైడు రిటైరయ్యేటప్పుడు ఆయన బీరువా తాళంచెవి లైబ్రరీ చేతికి రావాలని రూలు పెట్టండి. 1980లు, 90ల నాటి క్యాసెట్లు మీ గదుల్లో ఇంకా ఉన్నాయి. టేపుకు ఆయుష్షు తక్కువ, దాన్ని ఆడించే మిషనుకు ఇంకా తక్కువ.

మా పదకొండు క్యాసెట్లు ఎవరికైనా కనబడితే, వాటి మీద మా ఊరి పేరు, 1994 అని బాల్‌పెన్నుతో రాసి ఉంటుంది. పది అందరికీ వినిపిస్తాము. పదకొండోది అత్తకు ఇస్తాము.